తీర్చవలసిన ఋణం

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. అక్కడివారు 'కోరంగీలు' అని పిలిచిన మన తెలుగు కూలీలు ఎందరో 1942లో అరకాన్, మణిపూర్ కొండలు కాలినడకన దాటారు. ఆకలితో, కలరాతో వేలమంది భారతీయులు దారిలోనే రాలిపోయారు.

2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఆ సరిహద్దు కొండలు దాటే చిన్ జాతివారు వేలాదిగా మిజోరం చేరారు. అంతకుముందే శరణార్థులుగా వచ్చిన వారి సోదరులు ఇక్కడ ఇండియానాపోలిస్‌లో వేలాదిగా ఉన్నారు.

"మనం చదువుతో, వీసాతో వచ్చాం, వారితో పోలికేమిటి?" అనిపించవచ్చు. ఎమర్జెన్సీలో వైద్యులం ముందు గాయం చూస్తాం, కాగితాలు తర్వాత. శిబి చక్రవర్తి మాత్రం పావురాన్ని పిలిచాడా?

మణిపూర్ దారిలో శిబిరాలు వేసి మనవారికి అన్నం పెట్టినవారి ఋణం వారికి తీర్చలేం. తర్వాత వచ్చినవారికే తీర్చాలి. ఈ దీపావళికి మన ఊళ్ళోని ఒక శరణార్థి కుటుంబాన్ని భోజనానికి పిలుద్దాం.