త్యాగమూ, మాతృత్వమూ

కోల్పోవుట త్యాగమగునా? విధివశమున కలిగిన లేమిని వైరాగ్యమని లోకము పొగడుట కలదు. కాని మనస్ఫూర్తిగా అర్పింపబడనిది త్యాగము కాజాలదు. సోదరి సుబ్బలక్ష్మి జీవితము ఈ భేదమును స్పష్టపరచును.

1886లో జన్మించిన ఆమె బాల్యముననే వితంతువయ్యెను. నాటి ఆచారము అట్టివారికి ఇంటి మూలను మాత్రమే చూపెను. తల్లిదండ్రులు ఆచారమున కెదురునిలిచి ఆమెను చదివించిరి. 1911లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి పట్టభద్రురాలై, తనవంటి బాలికలకు ఉపాధ్యాయినియు, ఆశ్రయమును అయ్యెను. 1912లో శారదా మహిళా సంఘమును స్థాపించెను. వితంతువే అయిన ఆమె పినతల్లి ఆ బాలికల పోషణభారము వహించి, ఇంటి పెద్దయై నిలిచెను. 1897లో వివేకానందస్వామి బసచేసిన ఐస్ హౌసే పిదప వారికి నివాసమయ్యెను. ఆమె నెలకొల్పిన శారదా విద్యాలయము కాలక్రమమున రామకృష్ణ మిషను నిర్వహణలోనికి వచ్చెను.

ఆ ఇద్దరికిని కడుపున పుట్టిన బిడ్డలు లేరు. అయినను ఎందరికో తల్లులైరి. తనవారితో ఆగిపోయిన మమత బంధము. అదియే అందరికిని విస్తరించినపుడు ఉపాసన. వైధవ్యము వారిపై వచ్చిపడినది, సేవ వారు వరించినది. త్యాగమనదగినది ఈ రెండవదియే.

1969లో వైకుంఠ ఏకాదశినాడు సుబ్బలక్ష్మి తనువు చాలించెను. ఆమెను స్మరించువారు ముందుగా తమ యింటిని చూచుకొనవలెను. "నీ రాత యింతే" అని మనము మూలనుంచినవారు అచట ఎవరైన నున్నచో, వారికి తలుపు తెరచుటయే ఆ తల్లికి పూజ.