పక్కవాళ్ళ చెప్పులు మన కాలికి సరిపోతాయా?

ఈ రోజు అసూయ గురించి మాట్లాడుకుందాం.

ఒక్కసారి గమనించండి. దేశంలోకెల్లా ధనవంతుడు ఇంకో మేడ కట్టాడంటే మనకేమీ అనిపించదు. అదే మనతో చదువుకున్నవాడో, తోడికోడలో, పక్కింటివాళ్ళో ఒక మెట్టు పైకెక్కితే లోపల చురుక్కుమంటుంది. పైకి మాత్రం "చాలా సంతోషమండీ" అంటాం.

యూదుల తోరాలో పది ఆజ్ఞలున్నాయి కదా, అందులో చివరిది సరిగ్గా దీని గురించే. పొరుగువాడి ఇల్లు, భార్య, పనివాళ్ళు, ఎద్దు, గాడిద, ఇలా ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పి, అతనిది ఏదీ ఆశించొద్దంటుంది. రాజుగారి ఖజానా ఊసే లేదు చూశారా! మనసు ఎటు పోతుందో ఆజ్ఞ ఇచ్చినవాడికి బాగా తెలుసు.

అయితే ఒక సందేహం. దొంగతనం చెయ్యొద్దంటే చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. మనసులో ఆశే పుట్టకూడదంటే అది మన చేతిలో ఉందా?

స్పెయిన్‌లో పుట్టి, 12వ శతాబ్దంలో తోరాకి వ్యాఖ్యానం రాసిన అబ్రహాం ఇబ్న్ ఎజ్రా అనే పండితుడు ఈ ప్రశ్నకే జవాబు చెప్పాడు. బుద్ధి ఉన్న పల్లెటూరివాడు అందమైన రాజకుమారిని చూసినా ఆమె కోసం ఆరాటపడడు. తనకు దక్కదని వాడికి తెలుసు. పక్షిలా రెక్కలు లేవని ఎవరూ ఏడవరు. పక్కవాడికి ఉన్నది కూడా అంతే, దేవుడు అతనికి కేటాయించినది అని గట్టిగా నమ్మినవాడి మనసు అటు పోదు అంటాడాయన. ఆలోచిస్తే నిజమే. "అది నాకు రావలసింది" అన్న చిన్న లెక్క దగ్గరే అసూయంతా మొదలవుతుంది. ఆ లెక్క సరిచేసుకుంటే చాలు.

కానీ తెలిసినంత మాత్రాన మనసు మారుతుందా? మారదు. అందుకే రోజూ సాధన కావాలి. యూదులు పొద్దున్నే చెప్పుకునే ప్రార్థనల్లో ఒకటుంది: నా అవసరాలన్నీ తీర్చిన దేవుడికి స్తుతి అని. చెప్పులు తొడుక్కుని కట్టుకునేటప్పుడు ఇది చెప్పుకోవాలని వాళ్ళ తల్ముద్ గ్రంథం చెబుతుంది. ఎంత మామూలు పని! అయినా అందులో ఎంత అర్థముందో చూడండి. పక్కవాళ్ళ చెప్పులు ఎంత ఖరీదైనవైనా, మన కాలికి పట్టకపోతే నాలుగడుగులు కూడా వెయ్యలేం. నా దారిలో నేను నడవడానికి కావలసింది నాకిచ్చాడు, అంతే.

"మరి తృప్తి పడి కూర్చుంటే ఎదుగుదల ఎలా?" అంటారేమో. పండితుల మధ్య పోటీ వల్ల జ్ఞానం పెరుగుతుందని అదే తల్ముద్ ఒప్పుకుంటుంది. ఒకరిని చూసి మనమూ నేర్చుకుంటే వాళ్ళకి పోయేదేమీ లేదు. వాళ్ళది పోతే బాగుండునని అనిపించిందా, అక్కడ జాగ్రత్త పడాలి.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. ధనవంతుడెవరు అని అడిగితే, తన వంతుతో సంతోషించేవాడే అని బెన్ జోమా అనే పండితుడు చెప్పాడు. తన వంతుతో! ఆకలితో ఉన్నవాడి దగ్గరికెళ్ళి "ఉన్నదాంతో తృప్తి పడు నాయనా" అనమని ఆయన చెప్పలేదు. పేదవాడికి గుప్పిలి బిగించొద్దు, అతనికి ఏది లోటో అది తీర్చు అని తోరాలోనే, ద్వితీయోపదేశకాండంలో ఉంది. తృప్తి మన గురించి మనం చెప్పుకోవలసిన మాట. ఎదుటివాడి లోటు కనబడితే మాత్రం చెయ్యి చాచి ఇవ్వాల్సిందే.

రేపు పొద్దున చెప్పులు వేసుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. మీకున్నవి మూడు తలుచుకుని, మీరు నమ్మే దేవుడికి దండం పెట్టుకోండి. తర్వాత, ఎవరిని చూస్తే లోపల చురుక్కుమంటుందో వాళ్ళు చల్లగా ఉండాలని కోరుకోండి. మొదట్లో నోరు రాదు. వారం రోజులు చేసి చూడండి.

మళ్ళీ కలుద్దాం. అందరూ బాగుండాలి.