బడిసంచి కుట్టు – కాయకనీతి

విద్యార్థి తన పెన్సిళ్లను, కలమును, రబ్బరును దాచుకొను చిన్న గుడ్డసంచిని తానే కుట్టుకొనవలెనా, లేక అంగడిలో కొనితెచ్చుకొనవలెనా? ఇది కేవలము రూపాయల లెక్కయే యైనచో దీనిపై వ్యాసము వ్రాయనక్కరలేదు. చదువునకును చేతిపనికిని గల సంబంధమేమి, చేతిపని ఎవరికి తగినది అను ధర్మసందేహము ఈ చిన్నసంచిలో ఇమిడియున్నది.

ముందుగా పనిని గూర్చి తెలిసికొందము. క్రొత్త పెన్సిలు పొడవు సుమారు 7 అంగుళములు. కావున 10 అంగుళముల వెడల్పు, 11 అంగుళముల పొడవు గల ముతకగుడ్డ చాలును. పాత పంచెలోగాని, చొక్కాలోగాని చిరుగని భాగమును కత్తిరించుకొనవచ్చును. పైయంచును మొదట అర అంగుళము, మరల ఒక అంగుళము లోనికి మడిచి కుట్టినచో నాడా దూరుటకు దారి యేర్పడును. పిమ్మట గుడ్డ మంచివైపు లోపలికుండునట్లు నిలువుగా సగమునకు మడిచి, అంచునకు అర అంగుళము ఎడముగా అడుగును, ప్రక్కను కుట్టవలెను. ప్రక్కకుట్టు నాడాదారి క్రిందనే ఆగవలెను. ప్రతి కుట్టునకును సూదిని కొంచెము వెనుకకు తెచ్చి ముందుకు సాగినచో, ఒకచోట దారము తెగినను వరుస యంతయు ఊడిపోదు. చివర గట్టిముడి వేసి, సంచిని తిరుగవేసి, నాడా దూర్చినచో పని ముగియును.

ఇందొక విశేషము కలదు. సంచిని తిరుగవేసిన తరువాత కుట్టుబలము గాని, లోపము గాని పైకి కనబడదు. పెన్సిలుమొన మాత్రము దానిని కనిపెట్టును. కుట్టు వదులైనచోట అది బయటకు వచ్చును. పరులు చూడని చోటను పని సరిగా చేయవలెనను నీతిని బాలుడు ఇచట ఉపన్యాసము లేకుండనే నేర్చుకొనును.

అయినను ఒక బలమైన ఆక్షేపణ కలదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఎందరో తల్లులు బీడీలు చుట్టి సంసారములను నడుపుచున్నారు. ఉదయము మొదలు ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టుటలోనే వారి కన్నులును నడుములును అలసిపోవుచున్నవి. "మా వ్రేళ్లకు పట్టిన పని మా బిడ్డల వ్రేళ్లకు పట్టరాదనియే గదా బడికి పంపుచున్నాము! అచటను సూదియేనా?" అని వారడిగినచో తప్పుపట్టగలమా? ఆ మాట సోమరితనము వలన వచ్చినది కాదు. అనుభవము వలన వచ్చినది.

చరిత్రయు వారి భయమును సమర్థించుచున్నది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలుపవలెనని ప్రతిపాదించెను. 1953లో మదరాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము, పల్లెబడులలో పిల్లలు ఒకపూట చదువుకొని, మరొకపూట ఇంటివృత్తిని నేర్వవలెనను పథకమును ప్రవేశపెట్టెను. తండ్రి వృత్తియే కొడుకునకు గతి యగునని జనులు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1954లో ఆ పథకము రద్దయ్యెను. రెండును చేతిపనులే. కాని బిడ్డ పుట్టిన యిల్లు వాని పనిని నిర్ణయించుట ఆరంభమైన చోట విద్య ముగిసి బంధనము మొదలగుచున్నది.

మన జిల్లాకు పొరుగుననున్న బీదరు సీమలోని కల్యాణమున, 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు ఈ చిక్కునే విప్పెను. బట్టలుతుకు మడివాళ మాచయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య, సూదిపని చేయు సూజికాయకద రామితందె ఆ శరణసముదాయములోని వారు. వారు పనిచేసిన చేతులతోనే వచనములను కూర్చిరి. రామితందె పేరునందే సూది నిలిచియున్నది. పని చేసినవానికి మాటాడు పీఠము దక్కినప్పుడే పని కాయకమగును. మాట దక్కనప్పుడు అది చాకిరియే.

కావున బడిలో సంచి కుట్టించు ఉపాధ్యాయుడు మూడు నియమములను పాటింపవలెను. మొదటిది, ఆడపిల్లలకు సూది, మగపిల్లలకు ఆటస్థలము అను విభాగము కూడదు. కంట్రాక్టరు కొడుకును, కూలివాని కూతురును ఒకే బల్లపై కూర్చుండి కుట్టవలెను. రెండవది, పాఠము చదువు వేళను ఈ పని హరింపరాదు. వారమునకొక గంట చాలును. మూడవది, కొన్నసంచి తెచ్చినవానిని గాని, చేయి స్వాధీనములేక కుట్టలేనివానిని గాని చిన్నబుచ్చరాదు.

ఆ తల్లులకు మనము చెప్పవలసిన సమాధానము ఇంతియే: "అమ్మా, నీ బిడ్డను నీ పనిలో దింపుటకు కాదు, నీ పనిని నీ బిడ్డ గౌరవించుటకు." ఆ చిన్నసంచికి నూటికి పైగా కుట్లు పట్టును. నడుమ దారము చిక్కుపడును, వ్రేలికి సూది గ్రుచ్చుకొనును. ఆ నూరు కుట్లు వేసిన బాలునకు, వేయి బీడీల లెక్కన కూలి పొందు తన తల్లి దినమెట్లు గడచుచున్నదో కొంత తెలియును. అట్టి బిడ్డ రేపు అధికారియై కూలిరేటు కాగితముపై సంతకము చేయవలసివచ్చినచో, అంకెల వెనుకనున్న వ్రేళ్లను మరువడు. చేతిపనిని తెలిసి చదువుకొనిన వానివలన లోకమునకు కలుగు మేలు అదియే.