పళ్ళెము ముందటి కోపము



అష్టావరణములలో ప్రసాదమొకటి యని మనకందరకును తెలిసినదే. ఇష్టలింగమునకు అర్పింపక మన పెద్దలు ముద్ద నోట నిడరు. అయితే, ఆ ముద్ద నోట పడిన పిదప ఏమగుచున్నదో మన మెన్నడైనను తలచితిమా? నేను చాలకాలము తలచలేదు.

జొన్నరొట్టె తునక నొకదానిని తొందరపడక నమలి చూడుడు. నమలగా నమలగా తియ్యదనము పుట్టును. రొట్టెలోని పిండిపదార్థమును లాలాజలము చక్కెరగా మార్చ మొదలిడుటయే అందులకు కారణము. మన చేతిలోని పని ఇంతవరకే. గుటక పడినది మొదలు మన ఆజ్ఞతో నిమిత్తము లేదు. సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహికలోని కండరములు అలలవలె ముడుచుకొనుచు ముద్దను జఠరమునకు చేర్చును. తలక్రిందుగా నున్నవానికిని అది జఠరమునకే చేరును! అచ్చట ఘాటైన ఆమ్లమూరును. పెప్సిన్ అను ద్రవ్యము పప్పులోని మాంసకృత్తులను తునుకలు చేయును. జిగురు పొర యొకటి కాపాడుటచేత జఠరము మాత్రము ఆ ఆమ్లమునకు చెడదు. తరువాత చిన్నప్రేవు. ఆరు మీటర్ల ఆ త్రోవలో పైత్యరసము నేతిని సన్నని బిందువులుగా విడదీయును. క్లోమరసము మిగిలిన పని చూచుకొనును. సారము రక్తమున కలియును. పెద్దప్రేవు నీటిని పీల్చుకొనును.

ఈ రసములూరుట మన మనస్సును బట్టియు ఉండునని తెలిసిన విధము వినదగినది. 1822లో ఉత్తర అమెరికాలోని మాకినా ద్వీపమున అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కూలివానికి పొరపాటున తుపాకి దెబ్బ తగిలెను. బ్రతికెను గాని, ప్రక్కటెముకల క్రింద జఠరములోనికి పడిన రంధ్రము పూడలేదు. విలియం బోమాంట్ అను సైనిక వైద్యుడు పట్టుదారమునకు ఆహారపు తునకలు కట్టి, ఆ రంధ్రమున జారవిడిచి, గంటల తరువాత లాగి చూచెడివాడు. తన యింట పనికి కుదిరిన పేదవానిని ఏండ్ల తరబడి అట్లు పరీక్షించుట నా మనసునకు కష్టముగనే యున్నది. ఐనను, 1833లో ప్రకటించిన గ్రంథమున ఆయన తెలిపిన సంగతి మరువరానిది. కోపమో భయమో కలిగినపుడు జఠరపు లోపొర ఎఱ్ఱబడుటయో పాలిపోవుటయో జరుగునట, రసము తగ్గిపోవునట, ఒక్కొకప్పుడు బొత్తిగా ఊరదట.

అది చదివిన నాడు నాకు మా పెద్దవాడు జ్ఞప్తికి వచ్చినాడు. వానికప్పుడు పదియేండ్లు. లెక్కలలో మార్కులు తగ్గినవని, పంక్తిలో కూర్చుండగనే వానిని నోటికి వచ్చినట్లు తిట్టితిని. ముద్ద బుగ్గన పెట్టుకొని, మ్రింగక, ఉమియక, నా వంక చూచుచు కూర్చుండెను. ఆ రాత్రి తిన్నది నిలువలేదు. వాని తల్లి నన్నేమియు అనలేదు, పళ్ళెము తీసికొనిపోయినది. అంతకు కొలది నిమిషముల ముందే నేను లింగపూజ ముగించి, ఆ అన్నమునే అర్పించి యుంటిని! అర్పించిన చేయి నాదే, తిట్టిన నాలుకయు నాదే. ప్రసాదమనుచు నేను వానికి వడ్డించినదేమి? పాఠశాలలో ఇతరుల బిడ్డలకు ఓర్పు బోధించు పంతులును నేనే గదా.

ఇప్పుడు మా చిన్నమ్మాయి భోజనవేళ మార్కుల పత్రము తెచ్చినను, దానిని మడిచి గూటిలో పెట్టి, ముందు దానికి మజ్జిగ పోయుమందును.