విప్పి చూచుట తప్పా?

వస్తువును కొన్నవాడు దానికి యజమానుడగునా? ధర చెల్లించినంతనే యాజమాన్యము సిద్ధించునని లోకము తలచుచున్నది. కాని తాను కొన్న వస్తువులో ఏమున్నదో ఎరుగక, ఎరుగుటకు వీలును లేక, అది చెడినప్పుడు పారవేసి మరియొకటి కొనుట తప్ప వేరుదారి కానక యుండువానిని యజమానుడనుటకంటె అద్దెకున్నవాడనుట న్యాయము కాదా? ఈ ప్రశ్నను శుష్కతర్కముతో గాక, కొందరు వేడుకకై చేయుచున్న యొక పనిని ముందు పెట్టుకొని విచారింతము.

నలువది యేండ్ల క్రిందట ఇండ్లలోను బడులలోను వాడబడి, పిమ్మట అటకలెక్కిన కంప్యూటరులను వెదకి తెచ్చి, విప్పి, బాగుచేసి, వానికి కొత్త యంగములను తమ చేతులతో కూర్చి తగిలించువారు పెక్కుదేశములలో కలరు. ఈ పనికి వారికెవ్వరును జీతమియ్యరు. పగలు తమ తమ వృత్తులు చేసికొని, రాత్రివేళ సోల్డరింగు ఐరను చేతబట్టి కూర్చుందురు. ఇంటివారు నవ్వుదురు: “జేబులోని ఫోను ఇంతకంటె ఎన్నోరెట్లు పనిచేయుచుండగా ఈ ముసలిపెట్టెకు చికిత్స లెందుకు?” అని. ఈ నవ్వులో కొంత వివేకము లేకపోలేదు. ఉపయోగము లేని శ్రమ వ్యసనమేమోయని శంకించుట సంసారులకు సహజము. కావున ఆ శ్రమ ఎట్టిదో దగ్గరగా చూడవలెను.

ఉదాహరణమునకు బి.బి.సి. మైక్రో అను యంత్రమును తీసికొందము. బ్రిటిషు ప్రసారసంస్థ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పదలచి తలపెట్టిన ప్రయత్నముకొరకు, కేంబ్రిడ్జి నగరములోని ఏకార్న్ అను సంస్థ దీనిని 1981వ సంవత్సరమున విడుదల చేసెను. ఇందు పెద్దరకపు దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకే దానికి అనేకరెట్ల చోటు కావలెను. ఇంగ్లాండు బడులలో ఒక తరము పిల్లలు దీని మీదనే కంప్యూటరు నేర్చుకొనిరి. మన దేశమునకును ఇది పరాయిది కాదు. 1984లో ‘క్లాస్’ అను పేర భారతప్రభుత్వము పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రారంభించినప్పుడు పిల్లల ముందుంచినవి ఈ యంత్రములే.

ఇట్టి యంత్రమును చిరకాలమునకు మరల విద్యుత్తుకు కలిపినచో, ఒక్కొక్కప్పుడు కొంతసేపు చక్కగా పనిచేసి, అంతలో దుర్వాసనతో దట్టమైన పొగ విడుచును. తెలియనివాడు యంత్రము చచ్చినదని పారవేయును. తెలిసినవాడు విద్యుత్తు తీసి, మూత విప్పి, కారణము వెదకును. మెయిన్సు విద్యుత్తులోని అలజడిని వడకట్టుటకు పెట్టిన కెపాసిటరులో లోహపుపూత గల కాగితము చుట్టబడియుండును. దానిపై పోసిన గట్టి రెసిను ఏండ్లు గడచినకొలది పగులును. ఆ పగులులో గాలిచెమ్మ చొచ్చును. చెమ్మగిలిన కాగితము విద్యుత్తు తగులగా కాలును. పోయినది యంత్రము కాదు, కొలదిపాటి వెలగల చిన్నభాగము. దానిని తీసి, మరియొకదానిని టంకముతో అతికినచో యంత్రము లేచి కూర్చుండును.

ఇందు మేము కనుగొన్న నీతి యిది. పొగకు కారణము గ్రహచారము కాదు, దిష్టి కాదు, “పాతబడినది గదా” అను సోమరిమాటయు కాదు, చెమ్మ. వెదకినవానికి కారణము దొరకునను నమ్మకమే సంస్కారమునకు మొదటి మెట్టు. తీగెకు కులము తెలియదు, బిరుదు తెలియదు. సరిగా అతికినచో పలుకును; లేనిచో ఎవరు కోపించినను పలుకదు.

బాగుచేయుటకంటె కొత్త యంగమును కూర్చుట మరింత విచారింపదగినది. ఈ యంత్రమునకు ‘ట్యూబు’ అను నొక ద్వారము కలదు. దాని మూలమున రెండవ మెదడును, అనగా మరియొక ప్రాసెసరును, తగిలింపవచ్చును. నేటి యభిమానులు ఆ ద్వారమునకు రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిలో ఇమిడెడి కంప్యూటరును కలుపుచున్నారు. చిక్కేమనగా, పాతది 5 వోల్టులతో మాటాడును. కొత్తదాని కొనలు 3.3 వోల్టులకు మించి సహింపవు. నేరుగా కలిపినచో చిన్నది చెడును. కావున రెంటినడుమ వోల్టులను మార్చు చిప్పు గల చిన్నపలకను కూర్తురు. అంతటితో తీరలేదు. కొత్తది ఎంత వేగము గలదైనను, పాతది అడిగిన క్షణమున, పాతదానికి తెలిసిన పద్ధతినే బదులీయవలెను. తాతలును మనుమలును కలిసియున్న ఇండ్లలో ఇట్టి నడిమిపలక లేకనే కదా పెక్కు కలహములు పుట్టుచున్నవి! ఇట్లు కూర్చినవారు తాము వ్రాసిన ప్రోగ్రామును దాచుకొనక లోకమునకు ఉచితముగా విడిచిరి.

ఆ ద్వారమును పెట్టినవారికి దాని వెంట ఏ యే యతిథులు వత్తురో అంతయు తెలియదు. 1985 ఏప్రిలులో అదే సంస్థయందు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు రూపొందించిన ‘ఆర్మ్’ ప్రాసెసరు తొలిసారి ప్రాణము పోసికొన్నప్పుడు, బి.బి.సి. మైక్రో ట్యూబునకు తగిలింపబడియే మాటాడినది. నేటి ఫోనులలో దాదాపు అన్నియు ఆ వంశపు ప్రాసెసరులతోనే నడచుచున్నవి. రాస్ప్‌బెర్రీ పైయును ఆ వంశపుదే. మనుమడు తాతయింటి వాకిట మరల నిలిచినట్లైనది. ముసలిపెట్టెను పరిహసించుటకు ఎత్తి చూపిన ఫోనే ఆ పెట్టెకు ఋణపడియున్నది.

అయినను, ఫలము కలిగినది గనుక శ్రమ మంచిదని మేము వాదింపము. ఫలము ముందుగా ఎవ్వరికిని తెలియదు. తెలిసి చేయదగినది ఒక్కటే: తలుపు మూయకుండుట. ఏ కొన ఏమి చేయునో వాడువారి పుస్తకమునందే ముద్రించి, ముఖమెరుగని పరునిపై విశ్వాసముంచుట నైతికకార్యము. విప్పి చూచువాడు ఆ విశ్వాసమును స్వీకరించుచున్నాడు. తాను నేర్చినదానిని ప్రకటించి మరియొకనికి అందించుచున్నాడు.

ఈ వేడుకలో దోషములు లేవనము. కొందరు యంత్రములను కుప్పలుగా పోగుచేసి, తాము విప్పరు, ఇతరులకు దక్కనీయరు. మరికొందరు కొత్త యంగము పట్టుటకై పాతపెట్టెకు రంధ్రములు కోసి పాడుచేయుదురు. వివేకులు మాత్రము తాము తగిలించినది తీసినతోడనే పూర్వరూపము వచ్చునట్లు పని చేయుదురు. తరువాతివాని దారి మూయరాదనునదే ఈ పనిలోని ధర్మము.

నేడు మనమింట తెచ్చుకొనుచున్న వస్తువులలో ఆ ధర్మము క్షీణించుచున్నది. బ్యాటరీని జిగురుతో అతికింతురు. సామాన్యమగు స్క్రూడ్రైవరుకు లొంగని మరలు బిగింతురు. మరమ్మతు హక్కును గూర్చి మన కేంద్రప్రభుత్వము 2022లో ఒక సంఘమును నియమించినది. ఐరోపా సమాఖ్య 2024లో శాసనమే చేసినది. ఇవి మెచ్చదగినవే. కాని శాసనము తలుపు తెరువగలదు గాని, లోనికి చాచుటకు చేయి నీయజాలదు. మన సంఘమున అక్షరమును చేతిపనియు చిరకాలము వేరుకాపురములు చేసినవి. చదివినవానికి పనిముట్టు పట్టుట నామోషీ. పనిముట్టు పట్టినవానికి చదువు అందనీయలేదు. ఆడపిల్ల ఫ్యూజు జోలికి పోయినచో “నీకెందుకమ్మా” యని నేటికిని వారించు ఇండ్లు కలవు. ఆర్మ్ ప్రాసెసరునకు ఆజ్ఞావళిని రచించిన సోఫీ విల్సన్ స్త్రీయేయని ఆ యింటివారు ఎరుగవలెను.

కావున చదువరులకు మా మనవి. ఇంట బ్యాటరీతో నడచు పాతరేడియో యొకటి చెడియున్నచో పాతసామానులవానికి వేయకుడు. బ్యాటరీ తీసి, ఒక సెలవుదినమున కొడుకును కూతురును కూర్చుండబెట్టి విప్పింపుడు. మెయిన్సు విద్యుత్తుతో నడచువానిని మాత్రము తెలిసినవారి యెదుటనే విప్పవలెను. తీగె ఊడదీసిన పిమ్మటను కెపాసిటరు కొంత విద్యుత్తును నిలుపుకొనును. ఊడిన మరలను గిన్నెలో వేయుటయు, ఏ తీగె ఎక్కడనుండి వచ్చినదో కాగితముపై గీసికొనుటయు నేర్పుడు. ఆ రేడియో మరల పాడకపోవచ్చును. పాడకపోవుటకు కారణము లోపలనే యున్నదనియు, దానిని వెదకు నధికారము తమకు కలదనియు ఆ పిల్లలు ఎరిగినచో, ఆ దినము వ్యర్థము కాదు.