పారిపోయి వచ్చినవానిని తిరిగి పంపవచ్చునా?

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 23:15-16, యెహోషువ 20:1-6, ఫిలేమోను పత్రిక

హైదరాబాదులోని నాంపల్లి స్టేషనులో పట్టాలు ఆగిపోవును. 1907లో కట్టిన ఆ స్టేషను దాటి బండి ముందుకు పోదు. ఇంటిలో అలిగియో, దెబ్బలకు భయపడియో, పరీక్ష తప్పియో బండి ఎక్కిన పిల్లలు, ఎవరును ఎదురుచూడకపోయినను, అక్కడ దిగక తప్పదు. దగ్గరనే ఉన్న ఆబిడ్సులో హోటళ్ల ముందరను, ఆదివారము పాత పుస్తకములు అమ్ము కాలిబాటల మీదను తిరుగుదురు. చేతిలోని డబ్బు అయిపోవు వేళకు ఎవడో ఒకడు తియ్యగా పలుకరించును. ఆ పలుకరించువాడు ఎట్టివాడను దానిమీదనే పిల్లవాని బ్రదుకు ఆధారపడియుండును. ఇందుచేతనే అట్టివారికి కొద్ది దినముల ఆశ్రయము అవసరము.

ఆశ్రయము నడుపుటలో అన్నము పెట్టుట, చాప వేయుట కష్టము కాదు. కడుపు నిండిన తరువాత ఆ పిల్లవాడు, "మా ఇంటికి చెప్పొద్దయ్యా" అని బతిమాలినప్పుడే కష్టము మొదలగును. చెప్పకుండ దాచుటయే దయ అని కొందరందురు. తల్లి ఏడ్చుచుండును గనుక సాయంకాలపు బండికే పంపివేయుట ధర్మమని మరికొందరందురు. ఏది న్యాయము?

యజమానునియొద్దనుండి తప్పించుకొని వచ్చిన దాసుని అప్పగింపకూడదని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. పౌలైతే ఒనేసిమును ఫిలేమోనునొద్దకు తిరిగి పంపెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధమా? పౌలు ఎట్లు పంపెనో చూడుడి. మొదట తన యొద్ద ఉంచుకొని, వానిని ఎరిగి, కుమారుడనెను. పిమ్మట వట్టి చేతులతో పంపక పత్రిక వ్రాసెను. దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమనెను. వాడు ఏమైనను అచ్చియున్నయెడల తన లెక్కలో వేయుమనెను. అంతటితో విడువక, తనకు బస సిద్ధపరచుమనియు వ్రాసెను. ఇట్టి పూచీ లేక పంపుట అప్పగించుటయే యగును.

నేటి చట్టమును ఈ వివేకమునకు దూరముగా లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, 18 ఏండ్లలోపు దిక్కులేక దొరికిన బిడ్డను, ప్రయాణకాలము పోగా 24 గంటలలోపల బాలల సంక్షేమ సమితి ఎదుట ఉంచవలెను. బిడ్డను ఇంటికి చేర్చుటయు కాపాడుటయు ఆశ్రయముల ముఖ్యోద్దేశమని ఆ చట్టమే చెప్పుచున్నది. అయితే ఇల్లే వానికి కీడైనయెడల పంపనక్కరలేదు. పూర్వము ఆశ్రయపురమునకు పారిపోయినవాడు కూడ గుమ్మమునొద్ద నిలిచి పెద్దలకు తన సంగతి చెప్పెడివాడు; వారు విని, చోటిచ్చెడివారు. వినుట ముందు, తీర్పు తరువాత.

కాబట్టి మేము చెప్పునదేమనగా, ఎవరికిని చెప్పమని ఆ పిల్లవానికి మాట ఇయ్యకూడదు. అది నిలుపుకొనలేని మాట. "నీ సంగతి వినకుండ నిన్ను ఎక్కడికిని పంపనియ్యము, పెద్దలయెదుట నీ ప్రక్కన నిలిచెదము" అని చెప్పవచ్చును. నిజము చెప్పినయెడల రాత్రికి రాత్రి పారిపోవునేమో అందురా? పారిపోవచ్చును, గనుక కనిపెట్టియుండవలెను. కాని అబద్ధముతో నిలుపుకొన్నవాడు మోసము తెలిసిన దినమున మరి ఎవరిని నమ్మును?

గ్రామములలోని సహోదరులారా, ఈ పరిచర్యలో సగము మీ చేతిలో ఉన్నది. తిరిగివచ్చిన బిడ్డను మొదటి రాత్రియే కొట్టినయెడల, ఇరుగుపొరుగువారు వెక్కిరించినయెడల, వాడు మరల బండి ఎక్కును. ముందు అన్నము పెట్టుడి. ఎందుకు పోతివని కోపముతో కాక, వినుటకే అడుగుడి. ఆడపిల్లయైతే, వచ్చినదాని మీద నింద వేయువారి నోరు సంఘపెద్దలే మూయింపవలెను. బండిలోగాని స్టేషనులోగాని ఒంటరి బిడ్డ కనబడినయెడల రైల్వే పోలీసులకు తెలుపుడి, లేదా 1098కి ఫోను చేయుడి; దానికి రుసుము లేదు. జాలి పేరున ఇంటికి తెచ్చి పశువుల కాపరిగా పెట్టుకొనవద్దు.

పౌలు బస సిద్ధపరచుమన్నది ఒనేసిము ఉన్న ఆ ఇంటిలోనే. మీ ఊరికి తిరిగివచ్చిన బిడ్డ యున్నయెడల, ఈ నెలలో ఒకసారి ఆ గడప తొక్కి, వాడెట్లున్నాడో చూచి రండి.