పోటీకి అర్హులెవ్వరు?

ఏ పోటీకైనను నియమములు రెండు విధములు. ఆటను ఎట్లాడవలెనో చెప్పునవి కొన్ని. ఎవ్వరాడవచ్చునో చెప్పునవి కొన్ని. మొదటివానిని గూర్చి ఆటగాండ్రు తగవులాడుదురు. రెండవవానిని గూర్చి తగవులాడవలసినవారు ద్వారమునకు వెలుపలనే నిలిచిపోవుదురు గనుక ఆ తగవు మనకు వినబడదు. వినబడని ఆ తగవును గూర్చి కొంత విచారింతము.

ఉదాహరణమునకు గోల్ఫు ఆటను తీసికొందము. మా అనంతపురము సీమకు ఇది దూరపు ఆట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పైరే నిలువున ఎండిపోవు మెట్టనేలలో, ఆట కొరకు పచ్చిక పెంచు తలంపు ఎవ్వరికి గలుగును? అయినను అర్హతను గూర్చి ఈ యాటవలె నిశితముగా ఆలోచించిన ఆటలు అరుదు. క్లబ్బువారి పోటీలో చేరగోరువాడు సాధారణముగా తన హ్యాండీక్యాప్ లెక్కను చూపవలెను. నిపుణునికంటె తానెన్ని దెబ్బలు అధికముగా తీసికొనునో తెలుపు అంకె అది. బంతిని పడవేయవలసిన గుంతలు ఒక ఆటకు 18. అట్టి గుంతలు 54 ఆడి, అనగా మూడు నిండు ఆటలాడి, తోడియాటగాని సాక్ష్యముతో లెక్క సమర్పించినగాని ఆ యంకె లభింపదు. 2020లో దీనికి ప్రపంచమంతటికి చెల్లు పద్ధతి యొకటి ఏర్పడినది. పోటీలో ఎవరి మినహాయింపు వారికి తగ్గించి ఫలితము తేల్చుదురు. అందుచేత నిన్న నేర్చినవాడును, ఇరువదియేండ్ల నేర్పరియు ఒకే పోటీలో నిలువగలరు. దుర్బలునికి చేయూతనిచ్చుచు, బలవంతుని గౌరవమునకు లోటు చేయని ఈ యేర్పాటు మిక్కిలి మెచ్చదగినది.

ఇంత న్యాయబుద్ధి గల యాటయే ద్వారమువద్ద ఎట్లు ప్రవర్తించినదో చూడుడు. స్కాట్లండు దేశమున సెంట్ ఆండ్రూసునందలి రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1754లో పుట్టినది. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు అది సమ్మతించినది 2014లో. అమెరికాలో వృత్తిక్రీడాకారుల సంఘము తెల్లజాతివారే సభ్యులన్న నిబంధనను 1961 వరకు తొలగింపలేదు. దెబ్బల లెక్కలో వెండ్రుకవాసి తేడాను సహింపనివారు మనుష్యుల లెక్కలో సగము లోకమునే విడిచిపెట్టిరి.

దక్షిణాఫ్రికా కథ మరింత బాధాకరము. 1860 మొదలుకొని మదరాసు ఓడలలో తమిళులతోబాటు తెలుగువారును నేటాలు చెరకుతోటల కూలికి పోయిరి. ఆ దేశపు భారతీయ సంతతివాడే పాప్వా సెవ్‌గోలమ్. ఇతరుల ఆటకర్రల సంచి మోయుచు ఆట నేర్చి, 1959లో హాలెండు దేశపు ఓపెన్ పోటీని గెలిచెను. 1963లో డర్బనునందు జరిగిన నేటాలు ఓపెన్ పోటీలో తెల్లవారిని ఓడించెను. కాని క్లబ్బు భవనములో అతడు అడుగిడరాదు. బహుమతి ప్రదానవేళకు వాన కురిసెను. తెల్లవారు లోపల నుండగా విజేత వెలుపల వానలో నిలిచి బహుమతి నందుకొనెను. వాన కొరకు కప్పలకు పెండ్లి చేయు సీమవాడను నేను. వానయు ఒక మనుష్యునికి అవమానమై కురియగలదని ఈ కథ తెలియువరకు నేనెరుగను. 1965లో ప్రసిద్ధుడైన గ్యారీ ప్లేయరును మించి అతడు ఆ పోటీని మరల గెలిచెను. పిమ్మట ఆ ద్వారమును అతనికి పూర్తిగా మూసివేసిరి.

పరదేశీయులను నిందించి మనము తప్పించుకొనరాదు. మన శాస్త్రములలో అర్హతకు అధికారమని పేరు. కర్మకు అధికారి యెవ్వడని ప్రశ్నించి, కోరిక గలవాడు, సమర్థుడు, తెలిసినవాడు, శాస్త్రముచే నిషేధింపబడనివాడు అని పెద్దలు నాలుగు లక్షణములు చెప్పిరి. మొదటి మూడును వచ్చినవానియందు వెదుకవలసినవి. నాలుగవది మాత్రము ద్వారపాలకుని చేతిలోనిది. కోరిక, సామర్థ్యము కలిగియు, తెలిసికొనుటకు సిద్ధపడియు వచ్చిన ఎందరో ఆ నాలుగవదానిచేత వెనుకకు మరలిరి.

భారతమున అస్త్రవిద్యా ప్రదర్శనమునందు కర్ణుని కులమడిగిన కృపాచార్యుని మనము నిందింతుము. దుర్యోధనుని మెచ్చుకొందుము. నాకు మాత్రము దుర్యోధనుని చర్యయు సంపూర్ణముగా తోచదు. అతడు అంగరాజ్యమిచ్చి కర్ణుని అర్హుని చేసెనేగాని, నియమమును మార్చుడని అడుగలేదు. ఒక్కడు లోనికి వచ్చెను. అతని వెనుక ద్వారము యథాపూర్వముగా మూతపడెను.

అయినచో నిషేధమే కూడదా యని కొందరడుగవచ్చును. అట్లనజాలను. బాలుర పోటీలో పెద్దవాడు చేరరాదు. ఎంత కృషి చేసినను పదునారేండ్లవాడు పదుమూడేండ్లవాడు కానేరడు. అయినను ఆ నిషేధము న్యాయమే. ఏలన, అది చిన్నవానిని కాచుచున్నది. సెవ్‌గోలమునకు పెట్టిన నిషేధము ఎవ్వరిని కాచినది? ఓడిపోవుదుమేమోయని వెరచిన బలవంతులను. కావున అర్హతా నియమమును పరీక్షించుటకు నాకు తోచిన ప్రశ్న యిది: ఇది దుర్బలుని కాచుటకా, బలవంతుని కాచుటకా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకినది కాదు. చాలయేండ్ల క్రిందట ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో నేనుండగా, కూలిపని చేసికొను తల్లి తన కూతును బడిలో చేర్ప వచ్చినది. పుట్టిన తేది యెప్పుడని అడిగితిని. "చెనిక్కాయ పెరికేటప్పుడు పుట్టింది సామీ" అని చెప్పినది. అనగా కార్తికమాసపు రోజులు. నేను అలవాటు చొప్పున జూన్ 1 అని వ్రాసితిని. బడులు తెరచు నెల గనుక అందరికి అదే వ్రాయుచుంటిమి. ఆ బాలిక పెరిగి క్రికెట్టులో గట్టి చేయి అనిపించుకొన్నది. ఒక పోటీకి ఆ యేడు సెప్టెంబరు 1 మొదలు పుట్టినవారే అర్హులనిరి. కార్తికమున పుట్టిన పిల్ల నా కలముచేత అనర్హురాలైనది. "నేనెప్పుడు పుట్టానో రాసింది మీరే కదా సార్?" అని యడిగినది. తేది దిద్దుటకు పత్రములు సమకూరులోపల పోటీ ముగిసినది.

నియమము న్యాయమైనది; దానికి కోరిన సాక్ష్యమే పేదవాని చేతిలో లేదు. జననములను నమోదు చేయవలెనను చట్టము 1969లోనే పుట్టినది. 2023 అక్టోబరు 1 మొదలుకొని పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును జనన ధ్రువపత్రమే ఆధారమని దానిని సవరించిరి. కరవు వచ్చి బెంగుళూరు దారి పట్టిన తల్లి, పని జరుగు చోటనే ప్రసవించినచో, ఆ పత్రము తెచ్చుకొనుటకు ఎన్ని మెట్లు ఎక్కవలయునో చట్టము వ్రాసినవారు కొంచెము తలంపవలెను.

ఇందుకు మార్గము లేకపోలేదు. 2010లో మా అనంతపురమున గ్రామీణాభివృద్ధి సంస్థతో కలిసి నాదల్ పేర టెన్నిసు పాఠశాల తెరచినపుడు, క్లబ్బుల యాటయని పేరుపడినది పల్లెపిల్లల చేతికి వచ్చినది. ఆ పిల్లలు ఏ క్లబ్బులోను సభ్యులు కారు. కాచు నియమమును నిలుపుకొనియు ద్వారమును తెరవవచ్చును. పోటీ జరుపువారు ప్రతి నిషేధమునకును కారణము ప్రక్కనే వ్రాయవలెను. ఒక పత్రము లేనివానికి మరియొక సాక్ష్యము చూపు అవకాశమును, దానికి వ్యవధియు ఈయవలెను. మేము ఉపాధ్యాయులము, తల్లి చెప్పినదే వ్రాయవలెను.

ఆ బాలిక మరుసటి యేడు ఆడినదా యని మిత్రులడుగుదురు. ఆడలేదు. పదవతరగతి కాగానే తల్లితోబాటు పనికి పోయినది. ఇప్పుడు బడిలో చేర్చువేళ ఏ తల్లియైనను చెనిక్కాయ పెరికేటప్పుడని చెప్పినచో, నేను కలము క్రింద పెట్టి, ఏ యేడు, ఏ పండుగకు ముందు, ఏ పండుగకు తరువాత అని విడువక అడుగుచున్నాను. వెనుక వరుసలో నిలిచినవారు విసుగుకొందురు. విసుగుకొననిమ్ము.